స్టేషన్ చుట్టూ అయిదు వందల ఎకరాలు

ఈమధ్య స్థలాల ప్రకటనల్లో ఒక వాక్యం స్థిరపడిపోయింది: ‘ప్రతిపాదిత మెట్రో స్టేషన్‌కు అయిదు నిమిషాల దూరంలో’. ఆ అయిదు నిమిషాలు కారులోనా, కాలినడకనా అన్నది మాత్రం అందులో ఉండదు. స్టేషన్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి అడిగేవాళ్లూ ఉండరు. కానీ నగర ప్రణాళికలో ‘ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్’ అని, ముద్దుగా టీవోడీ అని పిలుచుకునే వ్యవహారమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

స్టేషన్ నుంచి నడిచి చేరగలిగినంత దూరంలోనే ఎక్కువ మంది నివసించాలి, పని చేయాలి, కొనుక్కోవాలి, చదువుకోవాలి. బండి తీయకుండా రోజు గడిచిపోవాలి. టీవోడీ అంటే ఇంతే. 1990ల మొదట్లో పీటర్ కాల్‌థార్ప్ అనే అమెరికన్ ప్లానర్ ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు గానీ పని అంతకంటే పాతది. మన ఊళ్లలో ‘స్టేషన్ రోడ్డు’ ఎలా పుట్టిందో గుర్తు చేసుకోండి. రైలు వచ్చింది, దాని వెనకే లాడ్జీలు, మిఠాయి కొట్లు, మందుల షాపులు, టైపు ఇన్‌స్టిట్యూట్లు వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి. ఎవరూ పటం గీయలేదు.

పటం గీసి మరీ చేసినవాడు జపాన్‌లో ఉన్నాడు. కొబయాషి ఇచిజో 1910లో ఒసాకా నుంచి పల్లెల మీదుగా రైలు మార్గం వేశాడు. ఆ దారిలో ప్రయాణికులు లేరు. అందుకని పట్టాల పక్కన స్థలాలు కొని, ఇళ్లు కట్టి, నెలసరి వాయిదాల మీద ఉద్యోగులకు అమ్మాడు. ఉదయం రైళ్లు నగరం వైపు నిండుగా వెళ్లి, ఖాళీగా తిరిగి వస్తాయి కదా! అందుకు అవతలి కొసన తకరాజుకాలో స్నానశాలలు, నాటకశాల పెట్టాడు. 1929లో ఒసాకా వైపు స్టేషన్‌లోనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. రైలు, ఇల్లు, దుకాణం, వినోదం అన్నీ ఒకే చేతిలో ఉన్నాయి. టికెట్ల మీద ఎంత వచ్చిందన్నది అతని లెక్కల్లో ఒక భాగం మాత్రమే.

హైదరాబాద్ మెట్రో మొదటి దశలో మనం నమ్ముకున్నది కూడా ఇలాంటి లెక్కనే. 2010లో ఎల్ అండ్ టీ సంస్థతో కుదిరిన ఒప్పందంలో రైలుతో పాటు 269 ఎకరాల్లో నిర్మాణ హక్కులు ఇచ్చారు. అందులో 212 ఎకరాలు డిపోల దగ్గర, మిగతా 57 ఎకరాలు 25 స్టేషన్ల దగ్గర. ఆదాయంలో సగం టికెట్ల నుంచి, దాదాపు 45 శాతం ఈ ఆస్తుల నుంచి, మిగతాది ప్రకటనల నుంచి వస్తుందన్నది అంచనా. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి. అంచనా మాత్రం లేవలేదు. సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పుతో ఉన్న ఆ మొదటి దశను తీసుకోవడానికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

కరోనా, నిర్మాణంలో ఆలస్యం, మాల్స్ వ్యాపారంలో మందగమనం, ఇలా దీనికి చాలా కారణాలు చెప్పవచ్చు. నాకు మాత్రం 57 అనే ఆ అంకె దగ్గర ఆగాలనిపిస్తుంది. పాతిక స్టేషన్లకు పంచితే ఒక్కోదానికి రెండెకరాల పైచిలుకు వస్తుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2017లో తెచ్చిన జాతీయ టీవోడీ విధానం స్టేషన్ ప్రభావ పరిధిని 500 నుంచి 800 మీటర్లుగా చెబుతుంది. 800 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి వైశాల్యం కట్టండి: 201 హెక్టార్లు, అంటే దాదాపు 497 ఎకరాలు. మనం చేతిలో పెట్టుకున్నది రెండెకరాలు, వదిలేసింది 495. రెండెకరాల్లో మాల్ కట్టడాన్ని ఆస్తి వ్యాపారం అనవచ్చు, తప్పేమీ లేదు. టీవోడీ ఉండాల్సింది ఆ మిగతా 495లో. అక్కడ ఒక్క యజమాని ఉండడు. నూట యాభై గజాల ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, ఒక బడి, ఒక గుడి, కోర్టు కేసులో ఉన్న ఖాళీ స్థలం, వెరసి వేలమంది హక్కుదారులు. కష్టమంతా అక్కడే ఉంది కాబట్టే అటు ఎవరూ చూడరు.

మిగతా నగరాలు ఆ వేలమందిని కదిలించడానికి వాడే పనిముట్టు ఎఫ్‌ఎస్‌ఐ. స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు అంతస్తుల విస్తీర్ణం కట్టుకోవచ్చో చెప్పే నిష్పత్తి అది. ఎఫ్‌ఎస్‌ఐ 2 అయితే 200 గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 400 గజాలు కట్టవచ్చు. స్టేషన్ దగ్గర దాన్ని 4 చేస్తే యజమానికి పడగొట్టి మళ్లీ కట్టాలన్న ఆశ పుడుతుంది. ఆ అదనపు నిష్పత్తిని ప్రభుత్వం ఊరికే ఇవ్వకుండా అమ్ముతుంది. నాగపూర్‌లో మెట్రో మార్గానికి ఇరువైపులా 4 వరకు ఇచ్చారు. అహ్మదాబాద్‌లో ఆశ్రమ్ రోడ్డు చుట్టుపక్కల వ్యాపార కేంద్రంలో 5.4 వరకు వెళ్లారు. ఊరంతా తలుపు బిగించి, స్టేషన్ దగ్గర మాత్రం తెరిచి, అక్కడ రుసుము వసూలు చేస్తారన్నమాట.

ఇక్కడే తెలుగు నగరాల కథ వేరే దారి పట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటి 86వ నంబరు జీవో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేసింది. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో అదే పద్ధతిని కొనసాగించింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2017లో చేసుకున్న నిబంధనలు కూడా ఆ దారినే నడిచాయి. మన దగ్గర భవనం ఎత్తును నిర్ణయించేవి ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం పరిమాణం, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్. ఇవి సరిపోతే చాలు, స్టేషన్ ఉన్నా లేకపోయినా ఆకాశమే హద్దు. కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు లేచింది ఏ స్టేషన్‌నూ చూసుకుని కాదు. ఊరందరికీ ఉచితంగా ఇచ్చేసిన దాన్ని స్టేషన్ పక్కవాడికి ప్రత్యేక బహుమతిగా ఎలా అమ్ముతాం? ఢిల్లీ, అహ్మదాబాద్ నమూనాలను ఇక్కడికి యథాతథంగా తెస్తామని చెప్పే నివేదికలు ఈ ప్రశ్న దగ్గర ఆగి సమాధానం చెప్పాలి.

అయితే దీనికి మరో ముఖం ఉంది. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకపోయినా పాత బస్తీలో గానీ, చిక్కడపల్లి లోపలి వీధుల్లో గానీ, విజయవాడ వన్‌టౌన్‌లో గానీ భవనాలు అంతగా పెరగలేదు. వీధి ఇరుకు, స్థలం చిన్నది. సెట్‌బ్యాక్ వదిలితే గది మిగలదు. అంటే అసలు అడ్డంకి ఎత్తు మీద ఉన్న నియమం కాదు, వీధి వెడల్పు, ముక్కలైన స్థలం. కాబట్టి మన స్టేషన్ల చుట్టూ పనికొచ్చే పనిముట్లు కూడా రెండే. వీధుల్ని సరిచేయడం, చిన్న స్థలాల్ని కలపడం.

స్థలాల్ని కలపడం గురించి మనకు తెలియనిది కాదు. 2015లో అమరావతి రైతులు 30 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. దానికి బదులు రోడ్లు వేసిన లేఅవుట్‌లో ప్లాట్లు తీసుకునే ఒప్పందం అది. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీములు దశాబ్దాలుగా ఇదే సూత్రం మీద నడుస్తున్నాయి: అందరూ కొంత వదులుతారు, వీధులు వెడల్పవుతాయి, మిగిలిన స్థలం విలువ పెరుగుతుంది. పొలంలో ఇది సాధ్యమే. కింద కిరాణా కొట్టు, మొదటి అంతస్తులో యజమాని, పైన ఇద్దరు అద్దెదారులు ఉన్న నూట ఇరవై గజాల ఇంట్లో ఇది చాలా కష్టం. నాలుగు ఇళ్లను కలిపితే మంచి భవనం వస్తుందని నలుగురికీ తెలుసు. నాలుగోవాడు సంతకం పెట్టడు. ఆ నాలుగో సంతకానికి చట్టంలో ఏ దారి చూపిస్తారన్నదే అసలు టీవోడీ ప్రణాళిక. హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట వరకు మెట్రో మార్గానికి రోడ్డు వెడల్పు కోసం ఆస్తులు తీసుకుంటూ చదరపు గజానికి 81,000 రూపాయల పరిహారం ప్రకటించారు. డబ్బిచ్చి పంపేయడానికి మన దగ్గర ఇలా దారి ఉంది. ఉన్నచోటే మళ్లీ కట్టుకుని, పెరిగిన విలువలో వాటా తీసుకోవడానికి అంతే సులువైన దారి ఉందా? విజయవాడలోనూ విశాఖలోనూ పట్టాలు పడకముందే తేల్చాల్సిన ప్రశ్న ఇది.

ఇక వీధుల సంగతి. హైదరాబాద్‌లో ఒక స్టేషన్ నుంచి స్నేహితుడి ఇంటికి తరచూ నడుస్తుంటాను. ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. పటం మీద స్కేలు పెడితే దూరం 350 మీటర్లు. మెట్లు దిగగానే కాలిబాట ఉంది. ముప్పై అడుగుల తర్వాత దాని మీద ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ ఇనుప కంచె. రోడ్డు మీదకు దిగాలి. మళ్లీ ఎక్కితే చెరకు రసం బండి, దాని పక్కన పిప్పి కుప్ప. తర్వాత ఒక షోరూము తన వాకిలి ర్యాంపును కాలిబాట మీదుగా రోడ్డు అంచు దాకా దించింది. మురుగు కాలువ మీద పరిచిన బండల్లో ఒకటి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. దాని మీద అడుగు వేస్తే అవతలి కొస లేస్తుంది. నాకు అలవాటైపోయింది, రాత్రిపూట కూడా దాన్ని దాటేస్తాను. ఆ తర్వాత కాలనీ ప్రహరీ వస్తుంది. గోడకు అవతల స్నేహితుడి అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు బాల్కనీలో ఆరేసిన బట్టలు కనిపిస్తుంటాయి. గోడకు చిన్న గేటు కూడా ఉంది. తాళం వేసి ఉంటుంది. ప్రధాన ద్వారం వెతుక్కుంటూ ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఫోనులో నడక 1,100 మీటర్లు చూపిస్తుంది.

అందుకే వృత్తం గీసి ‘ఇది టీవోడీ పరిధి’ అనడం మొదటి అబద్ధం. నిజంగా కొలవాల్సింది వీధుల వెంట పది నిమిషాల్లో ఎక్కడెక్కడికి చేరగలమన్నది. అలా కొలిస్తే గుండ్రటి వృత్తం చిరిగిన ఆకులా కనిపిస్తుంది. 497 ఎకరాల్లో సగం కాలికి అందకపోతే, ఆ స్టేషన్‌కు ఉన్నది 250 ఎకరాలే. కొత్తగా ఒక అడ్డ వీధి తెరిస్తే, ఎవరి ఇల్లూ పడగొట్టకుండానే కొన్ని పదుల ఎకరాలు పరిధిలోకి వచ్చి చేరతాయి. ఎత్తైన భవనానికి అనుమతి ఇవ్వడం కంటే ఇది చాలా చవక. కానీ దీనికి శంకుస్థాపన శిలాఫలకం ఉండదు.

విజయవాడ, విశాఖ ప్రతిపాదనల్ని ఈ కళ్లతో చూస్తే కొంచెం గుబులుగా ఉంటుంది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళికల ప్రకారం విజయవాడ మొదటి దశ 38.4 కిలోమీటర్లు: నెహ్రూ బస్టాండు నుంచి ఒక దారి గన్నవరానికి, మరొకటి పెనమలూరుకు. విశాఖ మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. అందులో అతి పొడవైనది స్టీల్ ప్లాంటు నుంచి కొమ్మాది దాకా 34.4 కిలోమీటర్ల కారిడార్. రెండు నగరాల్లోనూ పొడవైన దారి ఎక్కువగా జాతీయ రహదారిని పట్టుకునే వెళ్తుంది. స్థలం సేకరించే బాధ తక్కువ కాబట్టి ఇంజనీర్లకు రహదారి మధ్యభాగం ఇష్టం. కొన్నిచోట్ల కింద రోడ్డు, మధ్యలో ఫ్లైఓవర్, పైన రైలు అనే డబుల్ డెక్కర్ ఆలోచన కూడా ఉంది. నడిచేవాడి సంగతి ఆలోచించండి. ఎక్కడో మూడో అంతస్తు ఎత్తున దిగి, ఫ్లైఓవర్ కిందకు వచ్చి, సర్వీసు రోడ్డు దాటి, లారీల పొగలోంచి కాలనీలోకి వెళ్లాలి. అలాంటి చోట రోడ్డుకు రెండు వైపులా లోపలికంటా దింపే వంతెనలు లేకపోతే, స్టేషన్ ఉన్నా నడిచి వచ్చేవాళ్లు తగ్గిపోతారు.

విశాఖకు అదనంగా భూగోళం పెట్టిన పరీక్ష ఉంది. ఒక వైపు సముద్రం, మరో వైపు కొండలు. మధ్యలో నౌకాదళం, పోర్టు, స్టీల్ ప్లాంటు చేతుల్లో ఉన్న విశాలమైన భూములు. నౌకాదళ విమానాశ్రయం చుట్టుపక్కల భవనాల ఎత్తు మీద ఆంక్షలు. అక్కడ కొన్ని స్టేషన్ల చుట్టూ వృత్తం గీస్తే మిగిలేది అర్ధచంద్రమే. అన్ని స్టేషన్లకూ ఒకే నియమం రాసేసి చేతులు దులుపుకుంటే కొమ్మాదికి సరిపోయేది పాత పోస్టాఫీసు ప్రాంతానికి సరిపోదు. ఒకచోట ఖాళీ స్థలంలో కొత్త వీధులు గీయవచ్చు. మరోచోట ఉన్న వీధుల్ని చెడగొట్టకుండా చూసుకుంటే అదే పదివేలు.

‘ప్రతిపాదిత’ అన్న మాట బరువెంతో హైదరాబాద్‌వాళ్లకు బాగా తెలుసు. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గం ఆగింది. 2024లో కేంద్రానికి పంపిన రెండో దశ ప్రణాళికలో విమానాశ్రయ మార్గం నాగోల్ నుంచి మొదలైంది, 36.8 కిలోమీటర్లు. మొత్తం అయిదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయల అంచనా. పాత గీత పక్కన స్థలం కొన్నవాడి చేతిలో ఇప్పుడు ఉన్నది స్థలం మాత్రమే. విజయవాడ మరీ విచిత్రం. 2014 విభజన చట్టంలోనే విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు. 2015 నాటికి ఒక నివేదిక సిద్ధమైంది, పక్కన పడింది, పదేళ్లకు మరొకటి వచ్చింది. ఈలోపు ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు తమకు తోచినట్టు పెరిగిపోయాయి.

ధర విషయంలో మెలిక ఏమిటంటే, అది రైలుతో పాటు రాదు, ప్రకటనతో వస్తుంది. గీత వార్తల్లో కనిపించిన వారంలోనే ఆ చుట్టుపక్కల ధర ఒక మెట్టు ఎక్కుతుంది. పట్టాలు పడేనాటికి స్థలం మూడు చేతులు మారి ఉంటుంది. పెరిగిన విలువ మధ్యలోవాళ్ల జేబుల్లోకి వెళ్లిపోయాక ప్రభుత్వం వచ్చి అభివృద్ధి రుసుము కట్టమంటే, చివర్లో కొన్నవాడు లబోదిబోమంటాడు. అతని మొర కూడా న్యాయమే. హాంకాంగ్‌లో దీన్ని తలకిందులుగా చేశారు. అక్కడ భూమి దాదాపు అంతా ప్రభుత్వానిదే. రైలు రాకముందు ఎంత విలువ ఉంటుందో ఆ లెక్కన స్టేషన్ల దగ్గరి నిర్మాణ హక్కుల్ని రైళ్లు నడిపే ఎంటీఆర్ సంస్థకు ఇస్తారు. రైలు వచ్చాక పెరిగే విలువతో ఆ సంస్థ మార్గం ఖర్చు రాబట్టుకుంటుంది. మనకు అంత ప్రభుత్వ భూమి లేదు. ఉన్నచోట కూడా ఎప్పుడు అమ్మాలన్నది ముఖ్యం. కోకాపేట నియోపొలిస్‌లో 2023 వేలంలోనే ఎకరం వంద కోట్ల రూపాయలు దాటింది. రాయదుర్గం–నియోపొలిస్ 11.6 కిలోమీటర్ల కారిడార్ ఆ తర్వాతే ప్రణాళికలోకి వచ్చింది. ముందు అమ్ముడుపోయిన ప్లాట్లకు రైలు తెచ్చే విలువ ఇక వాటిని అప్పుడు కొన్నవాళ్లదే.

ప్రైవేటు భూముల నుంచి రాబట్టే మార్గాల్లో నాకు కాస్త నిజాయతీగా తోచేది మహారాష్ట్ర పద్ధతి. ముంబయి, పుణె, నాగపూర్‌లలో రిజిస్ట్రేషన్ సమయంలో స్టాంపు డ్యూటీతో పాటు ఆస్తి విలువలో ఒక శాతం మెట్రో సెస్సుగా అదనంగా తీసుకుంటున్నారు. అమ్మకం జరిగిన ప్రతిసారీ వసూలవుతుంది కాబట్టి మధ్యలోవాళ్లూ తప్పించుకోలేరు. స్టేషన్‌కు దగ్గరగా ఉన్నవాడూ దూరంగా ఉన్నవాడూ ఒకే శాతం కట్టాల్సి రావడం దాని లోపం.

ఈ చర్చల్లో ఎవరూ ప్రస్తావించని మనుషులు కొందరున్నారు. అమీర్‌పేటలో హాస్టల్ గదిలో నలుగురితో ఉంటున్న విద్యార్థి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగిన నర్సు, బట్టల షాపులో సేల్స్ అమ్మాయి. మెట్రో బోగీలో రోజూ కనిపించేది వీళ్లే. స్టేషన్ వచ్చి అద్దె పెరిగితే ముందుగా ఖాళీ చేసేదీ వీళ్లే. వాళ్ల స్థానంలో రెండు కార్లున్న కుటుంబం వస్తుంది. భవనం కింద మూడు సెల్లార్ల పార్కింగ్ ఉంటుంది, నిబంధనలు అడిగేది అదే మరి. మన నియమాల్లో పార్కింగ్‌కు కనీసం ఎంత అన్నదే రాసి ఉంటుంది. స్టేషన్ పక్కన రాయాల్సింది గరిష్ఠం ఎంత అన్నది. జాతీయ విధానం కూడా పార్కింగ్ తగ్గించమనీ, చవక ఇళ్లకు వాటా ఉంచమనీ చెబుతుంది. మూడు సెల్లార్ల నిండా కార్లుండి, పైన నలభై అంతస్తులుంటే సాంద్రత పెరిగినట్టే. రైలెక్కేవాళ్లు పెరిగారని మాత్రం చెప్పలేం. ట్రాఫిక్ పెరిగిందని కచ్చితంగా చెప్పవచ్చు.

ఇన్ని పనులు ఎవరు చేయాలి? మెట్రో సంస్థ అధికారం స్టేషన్ మెట్ల దగ్గర ముగుస్తుంది. కాలిబాట నగరపాలక సంస్థది, మాస్టర్ ప్లాన్ అభివృద్ధి సంస్థది, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది, బస్సు ఆర్టీసీది, రహదారి జాతీయ రహదారుల సంస్థది. అందుకే 2017 నాటి కేంద్ర మెట్రో విధానం అందరినీ ఒక గొడుగు కిందకు తెచ్చే ఏకీకృత రవాణా సంస్థను షరతుగా పెట్టింది. సంస్థ పేరు బోర్డు మీదికి ఎక్కినంత మాత్రాన ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు జరగదు. కనీసం ఒక పని చేయవచ్చు. సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)లో స్టేషన్ స్థానం ఖరారు చేసే రోజునే, దాని చుట్టూ పది నిమిషాల నడక పటాన్ని కూడా అదే కట్టలో పెట్టి ఆమోదించడం. వీధి పేరు, గోడ కొలత, తెరవాల్సిన గేటుతో సహా. స్తంభాలు లేచాక ఆ గీతలు గీయడం రెట్టింపు కష్టం, ధరలు పెరిగాక దాదాపు అసాధ్యం.

మొన్న స్నేహితుడి కాలనీ వాచ్‌మన్‌ను అడిగాను, ఆ చిన్న గేటు తాళం ఎవరి దగ్గర ఉందని. సంఘం అధ్యక్షుడి దగ్గర ఉందన్నాడు. అధ్యక్షుడిని అడిగితే, బయటివాళ్లు కాలనీలోంచి స్టేషన్‌కు అడ్డదారిన వెళ్తున్నారని ఫిర్యాదులు వచ్చాయి, అందుకే వేశామన్నాడు. ఆయన కూడా రోజూ మెట్రోలోనే ఆఫీసుకు వెళ్తాడు. స్టేషన్ దాకా స్కూటర్ మీద.